మొండికేసిన ఫైలును కంప్యూటరు నుంచి తొలగించడం ఎలా?

ఫైలును ఎంచుకుని డిలీట్ మీట నొక్కితే పోవడం లేదని, తెరమీద ఏదో సందేశం వచ్చి ఆగిపోతోందని చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో డీటీపీ పనిచేసేవారు, కార్యాలయంలో పాత కంప్యూటరును సర్దుకునేవారు, జిరాక్సు షాపుకు తీసుకెళ్లి వచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఎన్నడూ చూడని ఫైలు కనిపించి కంగారుపడినవారు ఉన్నారు. ప్రశ్న ఒకటే అయినా కారణం ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఉంటుంది కనుక, అన్ని దారులనూ వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది ముఖ్యంగా విండోస్ 10, విండోస్ 11 వాడేవారి కోసం. లినక్స్, మ్యాక్ వాడేవారికి పనికివచ్చే నాలుగు మాటలు చివర్లో ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక మనవి. తొలగించడం కుదరనప్పుడు తెరమీదికి వచ్చే సందేశాన్ని చదవకుండా మూసివేయకండి. ఫైలు ఎందుకు పోవడం లేదో ఆ సందేశంలోనే రాసి ఉంటుంది. దాన్ని వదిలేసి, అంతర్జాలంలో దొరికిన ఏదో ఒక బలవంతపు సాధనాన్ని దించుకోవడం వల్లనే చిన్న ఇబ్బంది పెద్ద నష్టంగా మారుతోంది.

కావలసినవి

అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఖాతా, దాని పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి. పిన్ ఒక్కటే గుర్తుంటే చాలదు, ఎందుకంటే సేఫ్ మోడ్‌లో (8వ మెట్టు చూడండి) పిన్ కొన్నిసార్లు పనిచేయదు. మీ డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ రక్షణ ఉన్నట్లయితే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారికి ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రమై ఉంటుంది. అదే ఫోల్డరులో మీకు అవసరమైన ఇతర ఫైళ్లు ఉంటే వాటిని వేరే డ్రైవ్‌లోకి నకలు తీసుకోండి. చివరగా, తొలగించబోయే ఫైలు పూర్తి పేరు, అది ఉన్న ఫోల్డరు, దాని పరిమాణం ఒకచోట రాసి పెట్టుకోండి. పని పూర్తయ్యాక అది నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడానికి ఈ మూడూ కావాలి.

ఆదేశాల గురించి ఒక మాట. చదవడానికి వీలుగా వాటిని ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. మీరు మాత్రం కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చేయాలి.

ముందుగా చూసుకోవలసినది: అది తొలగించదగినదేనా?

సి డ్రైవ్‌లో ఖాళీ తగ్గిపోయిందని వెతుకుతూ వెళ్లి పెద్ద పరిమాణమున్న ఫైలును పట్టుకునేవారు చాలామంది ఉన్నారు. హైబర్‌ఫిల్ డాట్ సిస్, పేజ్‌ఫైల్ డాట్ సిస్, స్వాప్‌ఫైల్ డాట్ సిస్ అనే మూడూ విండోస్ తన పనికోసం వాడుకునే ఫైళ్లు. వీటిని చేత్తో తొలగించే ప్రయత్నం చేయకండి. మొదటిది కంప్యూటరును హైబర్నేట్ స్థితిలో, అంటే తెరిచి ఉన్న పనిని డిస్కు మీద దాచి ఆపివేసిన స్థితిలో, ఉంచడానికి పనికివస్తుంది. ఆ సౌకర్యం మీకు అక్కరలేకపోతే, ఆదేశాలు టైప్ చేసే కిటికీ అయిన కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్ అనే మాట పక్కన ఖాళీ లేకుండా సి, ఎఫ్, జి అక్షరాలు చేర్చి, ఒక ఖాళీ వదిలి స్లాష్ హెచ్, మరో ఖాళీ వదిలి ఆఫ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఆ ఫైలును విండోసే తొలగిస్తుంది. దానితోపాటు కంప్యూటరు త్వరగా తెరుచుకునే ఫాస్ట్ స్టార్టప్ సౌకర్యం కూడా పోతుందని గుర్తుంచుకోండి.

విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరు కొత్త వెర్షన్‌కు మారినప్పుడు మిగిలిపోయిన పాత విండోస్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే వరుసలో వెళ్లి, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అన్న చోట టిక్ పెట్టి తొలగించాలి. ఏమీ చేయకపోయినా మామూలుగా 10 రోజుల తర్వాత విండోస్ దాన్ని తానే తీసేస్తుంది.

అనుమతి ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ నుంచి కావాలని సందేశం వస్తే, అది విండోస్ సొంత ఫైలని అర్థం. అక్కడితో ఆగిపోండి. నాకు తెలిసిన ఒక డీటీపీ కేంద్రంలో ఒకే ఒక ఫాంటు ఫైలును తీసేయడానికి విండోస్ ఫోల్డరు మొత్తానికీ యాజమాన్యం (ఓనర్‌షిప్) మార్చేశారు. ఫాంటు పోయింది కానీ, ఆ తర్వాత అప్‌డేట్లు ఎక్కడం మానేసి, చివరకు విండోస్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవలసి వచ్చింది. ఒక ఫైలు కోసం రెండు రోజుల పని ఆగిపోయింది.

చేయవలసిన పని, వరుసగా

1. ఫైలును ఎవరు పట్టుకున్నారో ముందు కంటితో చూడండి.

ఫైల్ ఇన్ యూజ్ అనే సందేశం వస్తే, ఆ ఫైలును ఏదో ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచిందని అర్థం. ఆ ప్రోగ్రాము పేరు సందేశంలోనే ఉంటే దాన్ని మూసివేసి మళ్లీ ప్రయత్నించండి. కిటికీ మూసినంత మాత్రాన ప్రోగ్రాము పూర్తిగా మూతపడినట్టు కాదు. గడియారం పక్కనున్న చిన్న బాణం గుర్తును నొక్కి, అక్కడ దాగి ఉన్నవాటిలో అది ఇంకా నడుస్తోందేమో చూడండి. టొరెంట్ ప్రోగ్రాములు, వీడియో ప్లేయర్లు, క్లౌడ్‌కు ఫైళ్లు పంపే ప్రోగ్రాములు తరచుగా ఇలా వెనక ఉండిపోతాయి.

2. ప్రివ్యూ పేన్‌ను మూయండి.

ఈ కారణం చాలామందికి తట్టదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కుడిపక్క ఫైలు లోపలి విషయాన్ని చూపించే అర తెరిచి ఉంటే, మీరు ఫైలును ఎంచుకున్న మరుక్షణమే దాన్ని చూపించడానికి విండోస్ ఆ ఫైలును తెరుస్తుంది. అప్పుడు మీ చేతిలోని ఫైలును పట్టుకున్నది మీరు వాడుతున్న ఎక్స్‌ప్లోరరే అవుతుంది. ఆల్ట్, పి మీటలు కలిపి నొక్కితే ఆ అర మూతపడుతుంది. పీడీఎఫ్, వీడియో, వర్డ్ ఫైళ్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది. ఒకసారి పాత సంచిక పీడీఎఫ్ ఒకటి పోకపోవడంతో దాదాపు గంటసేపు ప్రోగ్రాములన్నీ మూసుకుంటూ వచ్చాను. చివరకు ఆ అర మూయగానే ఫైలు తొలగిపోయింది. అప్పటినుంచి ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతున్నాను.

3. కంప్యూటరును రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు.

ఈ తేడా చాలా ముఖ్యం. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆరిపోదు. దాని స్థితిని డిస్కు మీద దాచుకుని, మళ్లీ తెరిచినప్పుడు అక్కడినుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ అన్నప్పుడు మాత్రమే అంతా కొత్తగా మొదలవుతుంది. ల్యాప్‌టాప్ మూత మూసి తెరవడం ఈ రెండింటిలో ఏదీ కాదు. రీస్టార్ట్ అయ్యాక మరే ప్రోగ్రామునూ తెరవకుండా నేరుగా ఆ ఫోల్డరుకు వెళ్లి తొలగించండి. మూడొంతుల సందర్భాల్లో పని ఇక్కడితో అయిపోతుందని నా అనుభవం.

4. అప్పటికీ పోకపోతే, పట్టుకున్న ప్రోగ్రాము పేరును కంప్యూటరునే అడగండి.

విండోస్ గుర్తున్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెస్‌మాన్ అని ఖాళీ లేకుండా టైప్ చేయండి. దాని అక్షరాలు వరుసగా ఆర్, ఇ, ఎస్, ఎమ్, ఓ, ఎన్. రిసోర్స్ మానిటర్ తెరుచుకున్నాక సీపీయూ అనే పలకకు (ట్యాబ్‌కు) వెళ్లి, అసోసియేటెడ్ హ్యాండిల్స్ అన్న భాగంలోని వెతుకుడు పెట్టెలో మీ ఫైలు పేరులో కొంత భాగం రాయండి. ఆ ఫైలును పట్టుకున్న ప్రోగ్రాముల పేర్లు కింద వరుసగా కనిపిస్తాయి.

దీనికంటే సులువైన దారి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఉంది. 2022లో అందులో ఫైల్ లాక్‌స్మిత్ అనే సాధనాన్ని చేర్చారు. పవర్‌టాయ్స్ ఎక్కించుకున్నాక ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే జాబితాలోనే అది కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే పట్టుకున్న ప్రోగ్రాముల పేర్లు, పక్కనే వాటిని ఆపే బటన్ వస్తాయి. ఫోల్డరు మీద కూడా ఇలాగే పనిచేస్తుంది. ఇంకా లోతుగా చూడాలనుకునేవారు, మైక్రోసాఫ్ట్‌దే అయిన సిస్‌ఇంటర్నల్స్ సాధనాల్లోని ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ఫైండ్ మెనూలోకి వెళ్లి ఫైలు పేరుతో వెతకవచ్చు.

హెచ్చరిక: పట్టుకున్నది మీరు గుర్తుపట్టగల ప్రోగ్రాము అయితేనే ఆపండి. అది కూడా, అందులో మీరు భద్రపరచని పని ఏదీ లేదని నిర్ధారించుకున్నాకే. జాబితాలో సిస్టమ్ అనో, సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ అనో కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి. వాటిని ఆపితే కంప్యూటరు అక్కడికక్కడే నీలి తెరతో ఆగిపోవచ్చు. పట్టుకున్నది ఎక్స్‌ప్లోరర్ అయితే భయం లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి మీట నొక్కి రీస్టార్ట్ ఎంచుకోండి. తెర ఒక్క క్షణం ఖాళీ అయి మళ్లీ వస్తుంది.

ఫాంటు ఫైళ్ల విషయం కొంచెం వేరు. అను ఫాంట్లవంటివి ఒకసారి ఎక్కించాక, వాటిని విండోస్ తానే తెరిచి ఉంచుతుంది కనుక నేరుగా తొలగిస్తే వాడుకలో ఉందనే అంటుంది. ముందు పేజ్‌మేకర్, ఫోటోషాప్, వర్డ్ వంటివన్నీ మూసి, సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ కింద ఫాంట్స్‌లోకి వెళ్లి, అక్కడినుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కుదరకపోతే రీస్టార్ట్ చేసి, ఆ ఫాంటును వాడే ఏ ప్రోగ్రామునూ తెరవకముందే అదే పని మళ్లీ చేయండి.

ప్రింటుకు ఇచ్చి మధ్యలో ఇరుక్కుపోయిన పని రద్దు కాకపోతే కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. సర్వీసెస్ జాబితాలో, ప్రింటు పనులను వరుసలో నడిపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే వరుసలో వెళ్లి లోపలి ఫైళ్లను మాత్రమే తీసేసి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ప్రింటర్స్ అనే ఫోల్డరును మాత్రం తీయకండి.

5. అనుమతి లేదంటే యాజమాన్యం తీసుకోండి.

యాక్సెస్ డినైడ్ అనే సందేశం పాత కంప్యూటరు నుంచి తీసిన హార్డ్‌డిస్కును కొత్తదానికి తగిలించినప్పుడు ఎక్కువగా వస్తుంది. ఫైళ్లు మీవే అయినా, వాటి యజమానిగా పాత విండోస్‌లోని ఖాతా నమోదై ఉంటుంది. కొత్త కంప్యూటరుకు ఆ ఖాతా ఎవరిదో తెలియదు.

ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. మొదటి పలకలో రీడ్ ఓన్లీ అన్నచోట టిక్ ఉంటే తీసేయండి. తర్వాత సెక్యూరిటీ పలకలో అడ్వాన్స్‌డ్ నొక్కి, పైన ఓనర్ అని ఉన్నచోట పక్కనే కనిపించే చేంజ్‌ను ఎంచుకుని, మీ ఖాతా పేరు రాసి, చెక్ నేమ్స్ నొక్కండి. పేరు కింద గీత వచ్చిందంటే కంప్యూటరు మిమ్మల్ని గుర్తించినట్టే. తొలగించవలసినది ఫోల్డరు అయితే, లోపలివాటన్నిటికీ యజమానిని మార్చమనే గడిలో టిక్ పెట్టడం మరచిపోకండి. ఓకే చేసి అన్ని కిటికీలూ మూసివేయండి. ఇప్పుడు ప్రాపర్టీస్ మళ్లీ తెరిచి, సెక్యూరిటీలో ఎడిట్ నొక్కి, మీ పేరును ఎంచుకుని, అందులో లేకపోతే యాడ్ చేసుకుని, ఫుల్ కంట్రోల్ దగ్గర అలౌ గడిలో టిక్ పెట్టండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. యజమాని పేరు మార్చగానే పని అయిపోయిందనుకుని వెంటనే డిలీట్ నొక్కుతారు. యాజమాన్యం వేరు, అనుమతి వేరు. యజమాని అయినవారు తమకు తాము అనుమతి ఇచ్చుకోగలరు కానీ, ఇచ్చుకోవడం మరో మెట్టు. ఆ రెండో మెట్టు దాటనందువల్లనే అదే సందేశం మళ్లీ కనిపిస్తుంది.

ఇంకొకటి: కార్యాలయం ఇచ్చిన కంప్యూటరులో అనుమతి లేదని వస్తే, అది పొరపాటు కాకపోవచ్చు, వారి నిబంధన కావచ్చు. ఐటీ విభాగాన్ని అడగకుండా ఈ మెట్టు ఎక్కకండి.

6. పేరే అడ్డమైతే, పేరును చిన్నది చేయండి.

ఫైలు పేరు మరీ పొడవుగా ఉందని సందేశం వస్తే, అడ్డం వచ్చింది ఫైలు పేరొక్కటే కాదు. డ్రైవ్ అక్షరం మొదలుకొని ఫోల్డర్ల పేర్లన్నీ కలిపి మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదన్నది విండోస్‌లో చాలాకాలంగా ఉన్న పరిమితి. తర్వాత వచ్చిన వెర్షన్లలో దాన్ని దాటే వీలు కల్పించినా, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం ఆ ఇబ్బంది ఇంకా ఎదురవుతూనే ఉంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఇది మరింత త్వరగా ఎదురవుతుంది. స్త్రీ అనేది మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటరు లెక్కలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు. అందుకే చూడటానికి పొట్టిగా ఉన్న తెలుగు పేరు కూడా లోపల పొడవుగా ఉంటుంది. తెలుగులో పేర్లు పెట్టడం మానుకోమని నేను ఎన్నడూ చెప్పను. మన ఫైళ్లకు మన భాషలో పేరుండటం మన హక్కు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ ఏడెనిమిది మెట్లు దిగవద్దని మాత్రం చెబుతాను.

పరిష్కారం సులువైనదే. అన్నిటికంటే పైనున్న ఫోల్డరు పేరును ఒకే అక్షరంగా మార్చండి. తర్వాత దానిలోనిదాన్ని, ఆ తర్వాత దానిలోనిదాన్ని అలాగే మార్చుకుంటూ దిగండి. దారి పొట్టిదైపోగానే ఫైలు మామూలుగా తొలగిపోతుంది. ఇలాంటి ఫోల్డర్లు వందల్లో ఉంటే సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాములోని ఫైల్ మేనేజర్ తెరిచి, ఫోల్డరును ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ నొక్కండి. పొడవైన దారులతో దానికి ఇబ్బంది లేదు. ఇలా తొలగించినది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, తిరిగి రాదు.

విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే నకలు తీసే ఆదేశంతో ఖాళీ ఫోల్డరును దానిమీద అద్దినట్టు చేసి తుడిచే పద్ధతి కూడా ఉంది. అది నిజంగానే పనిచేస్తుంది కానీ, రెండు ఫోల్డర్ల పేర్లు తారుమారైనా, రెండో పేరు దగ్గర పొరపాటున డ్రైవ్ మొత్తాన్ని సూచించినా జరిగే నష్టం చాలా పెద్దది. కమాండ్ ప్రాంప్ట్ అలవాటు లేనివారికి నేను దాన్ని సూచించను.

7. ఫైలు కళ్ల ముందే ఉన్నా లేదంటే, వింత పేరేమో చూడండి.

కుడ్ నాట్ ఫైండ్ దిస్ ఐటమ్ అనే సందేశం చాలామందిని తికమక పెడుతుంది. ముందు ఎఫ్5 నొక్కండి. ఫైలు ఇప్పటికే పోయి, తెర మీద పాత జాబితా మిగిలి ఉండవచ్చు. అప్పటికీ కనిపిస్తుంటే, పేరు చివర ఖాళీగానీ చుక్కగానీ ఉండి ఉంటుంది. విండోస్ పేరు చివరి ఖాళీని, చుక్కను వదిలేసి వెతుకుతుంది కనుక దానికి ఆ ఫైలు దొరకదు. కాన్, పీఆర్‌ఎన్, ఆక్స్, నల్, కామ్1, ఎల్‌పీటీ1 వంటి పేర్లదీ ఇదే కథ. డాస్ కాలం నుంచి అవి పరికరాలకు కేటాయించిన పేర్లు. ఇలాంటి ఫైళ్లు సాధారణంగా లినక్స్‌లోనో మ్యాక్‌లోనో తయారై మన దగ్గరికి వస్తాయి.

వీటికి కమాండ్ ప్రాంప్టే దారి. ముందు ఫైలు ఉన్న ఫోల్డరు మీద కుడి మీట నొక్కి కాపీ యాజ్ పాత్ ఎంచుకోండి. విండోస్ 10లో అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకుని కుడి మీట నొక్కాలి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డి, ఇ, ఎల్ అనే మూడు అక్షరాలు టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మీరు నకలు తీసిన దారిని అతికించండి. దారి చివర, కోట్ గుర్తుకు ముందు, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టి ఫైలు పేరు రాయండి. పేరు చివర ఖాళీ ఉంటే ఆ ఖాళీ కూడా ఉండాలి. ఇప్పుడు వెనక్కి జరిగి, మొదటి కోట్ గుర్తుకు, డ్రైవ్ అక్షరానికి మధ్యలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మళ్లీ ఒక బ్యాక్‌స్లాష్ చేర్చండి. పేరును సరిదిద్దకుండా ఉన్నదున్నట్టుగా తీసుకోమని విండోస్‌కు చెప్పే గుర్తు ఇది. ఒకసారి మొత్తం చదువుకుని ఎంటర్ నొక్కండి.

ఫైలు పేరు తెలుగులో ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో అక్షరాల బదులు చదరపు గడులు కనిపించవచ్చు. అది ఆ కిటికీలోని ఫాంటు లోపమే తప్ప పేరు చెడిపోయినట్టు కాదు. అతికించిన పేరును కదిలించకుండా అలాగే ఉంచితే ఆదేశం సరిగ్గానే పనిచేస్తుంది.

8. సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి.

స్టార్ట్ మెనూలో పవర్ గుర్తును నొక్కి, షిఫ్ట్ మీటను పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకోండి. నీలి తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అనే వరుసలో వెళ్లి, జాబితా వచ్చాక 4 నొక్కండి. బిట్‌లాకర్ కీ అడిగేది ఇక్కడే. సేఫ్ మోడ్‌లో తప్పనిసరైన భాగాలు తప్ప మరేవీ నడవవు కనుక, ఫైలును పట్టుకునేవారు చాలావరకు ఉండరు. తొలగించి, మామూలుగా రీస్టార్ట్ చేయండి.

కొందరు, విండోస్ తెరుచుకునే తీరును మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి వెళతారు. ఆ దారిలో వెళితే, పని అయ్యాక ఆ టిక్ తీసేయాలి. తీయకపోతే కంప్యూటరు ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది. కంప్యూటరు చెడిపోయిందని రిపేరుకు తెచ్చినవారిలో ఈ ఒక్క టిక్ మరచినవారినీ చూశాను.

9. లోపం డ్రైవ్‌లోనే ఉంటే.

ఫైలు పాడైపోయింది, చదవలేకపోతున్నాను అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే, ముందు ఆ డ్రైవ్‌లోని ముఖ్యమైన ఫైళ్లను మరోచోటికి నకలు తీసుకోండి. ఈ వరుస మారకూడదు. తర్వాత డ్రైవ్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్, టూల్స్, చెక్ అనే వరుసలో తనిఖీ చేయించండి. తప్పులు సరిదిద్దాక ఫైలును మళ్లీ తొలగించి చూడండి.

రైట్ ప్రొటెక్టెడ్ అని వస్తే, మెమరీ కార్డు అయితే దాని పక్కనున్న చిన్న తాళపు మీటను పైకి జరపండి. పెన్‌డ్రైవ్‌కు అలాంటి మీట లేకుండానే ఆ సందేశం వస్తుంటే, లేదా ఫైలు తొలగినట్టే తొలగి, తీసి మళ్లీ పెట్టగానే తిరిగి కనిపిస్తుంటే, ఆ పెన్‌డ్రైవ్ లోపలి చిప్పు చివరి దశకు వచ్చి ఉండవచ్చు. ఇక అందులోని ఫైళ్లను బయటికి తీసుకుని, దాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

10. తొలగించిన ఫైలు మళ్లీ పుడుతుంటే.

దీనికి ఎక్కువగా రెండు కారణాలుంటాయి. మొదటిది వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్. మరో కంప్యూటరులోనో ఫోనులోనో ఉన్న నకలును అవి తిరిగి దించుతూ ఉండవచ్చు. బ్రౌజరులో ఆ ఖాతాలోకి వెళ్లి అక్కడ తొలగించండి. వ్యక్తిగత వన్‌డ్రైవ్ ఖాతాలో తొలగించినవి అక్కడి రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి కనుక, పొరపాటు జరిగినా తిరిగి తెచ్చుకునే గడువు ఉంది.

రెండోది వైరస్. పెన్‌డ్రైవ్‌లో మీ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి, వాటిని తీసేసినా మళ్లీ వస్తుంటే ఇదే కారణం. ఆ షార్ట్‌కట్లను నొక్కకండి. మీ అసలు ఫైళ్లు చాలావరకు దాగి ఉంటాయి, కంగారుపడి ఫార్మాట్ చేయకండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్ కింద స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ముందు పెన్‌డ్రైవ్‌ను, తర్వాత కంప్యూటరును తనిఖీ చేయించండి. కంప్యూటరులో ఎంతకీ వదలని ఫైలుకు అక్కడే ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ వాడండి. అది కంప్యూటరును తానే రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. పావుగంట దాకా పడుతుంది. మొదలుపెట్టే ముందు తెరిచి ఉన్న పనులన్నీ భద్రపరచుకోండి.

లినక్స్, మ్యాక్ వాడేవారికి

లినక్స్‌లో ఫైలును తొలగించే హక్కు ఆ ఫైలు అనుమతి మీద కాక, అది ఉన్న ఫోల్డరులో రాసే అనుమతి మీద ఆధారపడుతుంది. ఫైలు అనుమతులు ఎన్ని మార్చినా పోవడం లేదనేవారు ఫోల్డరును చూడాలి. రూట్‌గా, అంటే పూర్తి అధికారాలున్న ఖాతాతో, ప్రయత్నించినా పోకపోతే, ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ ఆదేశంతో చూడండి. అందులో ఐ అనే గుర్తు కనిపిస్తే, సీహెచ్‌ఏటీటీఆర్‌కు మైనస్ ఐ జోడించి దాన్ని తీసేయాలి. వాడుకలో ఉన్న ఫైలును కూడా లినక్స్ తొలగించనిస్తుంది. కాకపోతే పట్టుకున్న ప్రోగ్రాము మూతపడేదాకా డిస్కులో ఖాళీ పెరగదు. మ్యాక్‌లో ఫైలును ఎంచుకుని కమాండ్, ఐ నొక్కి, లాక్డ్ అన్నచోట టిక్ ఉంటే తీసేయండి. చాలాసార్లు అదే చాలు.

నిజంగా పోయిందో లేదో చూడటం

కంటికి కనిపించకపోవడాన్నే తొలగిపోవడంగా భావించకండి. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ కనిపించేలా పెట్టి, ఎఫ్5 నొక్కి, మీరు మొదట రాసుకున్న పేరుతో ఆ ఫోల్డరులో వెతకండి. ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. పెన్‌డ్రైవ్ అయితే పద్ధతిగా ఎజెక్ట్ చేసి, వీలైతే మరో కంప్యూటరులో పెట్టి చూడండి. డ్రైవ్‌లో ఖాళీ ఎంత పెరిగిందో, మీరు రాసుకున్న పరిమాణంతో పోల్చండి. పెరగకపోతే ఫైలు ఇంకా రీసైకిల్ బిన్‌లోనే ఉండవచ్చు. అందులో మీకు కావలసినది ఏదీ లేదని చూసుకున్నాకే బిన్‌ను ఖాళీ చేయండి.

ఆ తర్వాత, దారిలో మీరు మార్చినవాటిని యథాస్థితికి తీసుకురండి. మూసిన ప్రివ్యూ పేన్ కావాలంటే ఆల్ట్, పి మళ్లీ నొక్కండి. ఆపిన ప్రింట్ స్పూలర్ నడుస్తోందో లేదో ఒక కాగితం ప్రింటు తీసి చూడండి. ఒకే అక్షరంగా మార్చిన ఫోల్డర్లలో మిగిలిన ఫైళ్లుంటే, వాటికి పాత పేర్లు తిరిగి పెట్టండి.